ఫైర్‌ప్లేస్‌లో మంట ఉంది, గదిలో వేడి లేదు

ప్రశ్న: మేము మిన్నియాపొలిస్ శివారులో ఉంటాం. పోయిన వేసవిలో ఇల్లు కొన్నాం, 1998లో కట్టింది. హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంది. ముందు అద్దం బిగించి ఉంటుంది, గోడ మీద స్విచ్ వేస్తే వెలుగుతుంది. పాత ఓనర్లు రెండు మూడేళ్లుగా దాన్ని వాడలేదట. చలి మొదలయ్యాక వెలిగిస్తే మంట రెండంగుళాలు కూడా లేవడం లేదు. ఎడమవైపు కాస్త నయం, కుడివైపు మరీ సన్నగా, నీలంగా ఉంటుంది. గంటసేపు వెలిగించినా గది వెచ్చబడదు. నిజామాబాద్ నుంచి వచ్చిన మా నాన్నగారు శాలువా కప్పుకుని దాని ముందు కూర్చుని "దీనికన్నా మన కుంపటే నయంరా" అంటున్నారు. ఒక టెక్నీషియన్ వచ్చి ఐదు నిమిషాలు చూసి, వాల్వ్ పోయింది, మార్చడానికి 650 డాలర్లు అన్నాడు. మా బావమరిదేమో అద్దం తీసి సూదితో రంధ్రాలు పొడిస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి? ఇంకోటి, స్విచ్ వేశాక కుడివైపు నాలుగైదు సెకన్లు ఆలస్యంగా, 'దబ్' మని అంటుకుంటుంది. అది మామూలేనా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మీరు చివర్లో 'ఇంకోటి' అంటూ కలిపిన వాక్యమే. ఆ 'దబ్' మామూలు కాదు. దాని సంగతి తేలేదాకా ఫైర్‌ప్లేస్ వెలిగించకండి.

వంటింట్లో నాబ్ తిప్పేసి, లైటర్ కోసం వెతుక్కుని, ఆలస్యంగా వెలిగిస్తే పొయ్యి భగ్గుమంటుంది కదా, ఇక్కడ జరుగుతున్నదీ అదే. మీ ఫైర్‌ప్లేస్‌లో బర్నర్ అంటే వరసగా రంధ్రాలున్న పొడవాటి గొట్టమో, రేకు పెట్టెనో. పైలట్, అంటే బర్నర్‌ను అంటించే చిన్న మంట, ఉన్న చోట అంటుకుని, రంధ్రం నుంచి రంధ్రానికి పాకుతూ రెండో చివరకు పోవాలి. అంతా ఒకటి రెండు సెకన్ల పని. మధ్యలో కొన్ని రంధ్రాలు పూడిపోతే పాకే మంట అక్కడ ఆగిపోతుంది. అవతలి రంధ్రాల్లోంచి గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. వంటింట్లో అయితే ఆ గ్యాస్ గదిలోకి చెదిరిపోతుంది, ఇక్కడ అద్దం వెనక మూసిన పెట్టెలో పోగవుతుంది. ఎక్కువ పోగైన రోజున అద్దమే పగలొచ్చు. దాని ముందే నాన్నగారు కూర్చుంటున్నారని రాశారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ వారం పది రోజులు ఆయన దగ్గర ఒక ఎలక్ట్రిక్ హీటర్ పెట్టండి. 1,500 వాట్లదైతే గంటకు సుమారు 5,100 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే లెక్క) వేడి ఇస్తుంది, ఒక మనిషి కూర్చునే మూలకు చాలు. నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు. కుంపటి నయమన్న మాట మాత్రం మాటగానే ఉండిపోవాలి. పెంకుటింట్లో గాలి ఆడే చోట కుంపటి వేరు, మిన్నెసోటా చలికి సందు లేకుండా బిగించిన ఇంట్లో బొగ్గు వేరు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఆ రాష్ట్రంలో ప్రతి పడగ్గదికీ పదడుగుల లోపు దాని అలారం ఉండాలని చట్టమే ఉంది. మీ ఇంట్లో ఉన్నవి ఎప్పటివో వెనక్కి తిప్పి తేదీ చూడండి. పాత ఓనర్లు ఫైర్‌ప్లేస్‌నే పట్టించుకోలేదంటే అలారాలను పట్టించుకుని ఉంటారని నాకు నమ్మకం లేదు.

ఇక వాల్వా, సూదా అన్న పంచాయితీ.

వాల్వ్ అంటే బర్నర్‌కు పోయే గ్యాస్‌ను వదిలే, ఆపే భాగం. అది పోతే మంట బర్నర్ పొడవునా ఒకేలా తగ్గుతుంది. ఎడమ ఒకలా, కుడి ఒకలా ఉండటం బర్నర్‌లోనే ఎక్కడో అడ్డం ఉందని చెబుతోంది. అలాగని వాల్వ్‌లో లోపం ఉండనే ఉండదని అనను. ఎడమవైపు కూడా రెండంగుళాలు లేవడం లేదు కాబట్టి మీకు రెండు జబ్బులు ఉండొచ్చు: కుడివైపు రంధ్రాలు పూడటం ఒకటి, మొత్తంగానే గ్యాస్ తక్కువ రావడం ఇంకొకటి. ఈ రెండోది కంటితో చూసి తేల్చేది కాదు, కొలవాలి. నాకు ఆ టెక్నీషియన్ మీద అనుమానం వచ్చింది ఇక్కడే. ఐదు నిమిషాల్లో, ఏమీ కొలవకుండా, ఖరీదైన భాగం పేరు చెప్పాడు.

కొలిచే పరికరాన్ని మానోమీటర్ అంటారు. గ్యాస్ ఒత్తిడిని నీటిమట్టం అంగుళాల్లో చూపిస్తుంది. ఆ లెక్కలో చదరపు అంగుళానికి ఒక పౌండ్ ఒత్తిడి అంటే దాదాపు 28 అంగుళాలు, కాబట్టి ఇంట్లో మనం మాట్లాడుకునేవి చాలా చిన్న ఒత్తిళ్లు. వాల్వ్ మీద కొలవడానికి రెండు చోట్లు ఉంటాయి. ఒకటి వాల్వ్‌లోకి వచ్చే గ్యాస్‌ది, రెండోది వాల్వ్ దాటి బర్నర్‌కు పోయే గ్యాస్‌ది. పైపులో వచ్చే నాచురల్ గ్యాస్ అయితే మొదటి చోట 7 అంగుళాల దగ్గర్లో ఉంటుంది, 5కు తగ్గకూడదు. రెండో చోట, మంట పెద్దది పెట్టినప్పుడు, 3.5 దగ్గర ఉండాలి. సరిగ్గా ఎంత ఉండాలో మీ ఫైర్‌ప్లేస్ లోపల ఉండే వివరాల ప్లేటు మీద రాసే ఉంటుంది. మొదటి చోటే తక్కువుంటే లోపం పైపులో, రెగ్యులేటర్‌లో లేదా పైపు మీద సగం మూసి ఉన్న పిడిలో ఉంది, కొత్త వాల్వ్ బిగించినా మంట ఇలాగే ఉంటుంది. మొదటి చోట బాగుండి రెండో చోట తక్కువుంటే, నాబ్ చిన్న మంట మీద లేదని చూసుకున్నాక, ఆ టెక్నీషియన్ చెప్పిందే నిజం, డబ్బులు ఇచ్చేయండి. రెండు చోట్లా బాగుండి మంట మాత్రం చిన్నగా ఉంటే బర్నర్‌లోనో, దానికి గ్యాస్ వదిలే నాజిల్‌లోనో అడ్డం ఉంది. మొత్తం రోగ నిర్ధారణ ఈ రెండు అంకెల్లో ఉంది.

ఒక షరతు. కొలిచేటప్పుడు ఇంట్లో ఫర్నేస్ (ఇల్లంతా వేడి చేసేది), గీజర్, పొయ్యి అన్నీ వెలిగి ఉండాలి. ఒకసారి ఒక తెలుగువాళ్ల ఇంటికి వెళ్తే ఫైర్‌ప్లేస్ నిక్షేపంగా ఉంది, నేను చూస్తుండగానే మంట చతికిలబడింది. పైన ఎవరో స్నానానికి వెళ్లారట. బేస్‌మెంట్‌లో చూస్తే కొత్తగా పెట్టిన ట్యాంక్ లేని గీజర్, గంటకు 1,99,000 బీటీయూలది, ఫైర్‌ప్లేస్‌కు వెళ్లే అరంగుళం పైపుకే తగిలించి ఉంది. అది పైపు మార్చాల్సిన పని, అంతకుముందు ఇద్దరు వచ్చి ఫైర్‌ప్లేస్ భాగాలు మార్చి వెళ్లారు. మీ ఇంట్లో ఈ సంగతి ఇప్పుడే చూసుకోవచ్చు: వంటింటి పొయ్యి పెద్ద మంట మీద పెట్టి, ఫర్నేస్ ఆన్ చేయించండి. పొయ్యి మంట కుంగితే లోపం ఇంటి గ్యాస్ లైన్‌లో ఉంది. గ్యాస్ మీటర్ దగ్గరి రెగ్యులేటర్ మంచులో కూరుకుపోయిందేమో, కప్పు మీది నుంచి నీరు కారి గడ్డకట్టిందేమో కూడా చూడండి. ఉంటే చేత్తో మెల్లగా తీయాలి, పారతో కొట్టకూడదు.

మంట వెలిగించకుండా చూడగలిగేవి మరికొన్ని ఉన్నాయి. అద్దం కింద ఉన్న జాలీ తలుపు తెరవండి. లోపల గొలుసుకు వేలాడుతూనో, అడుగున అతికించో ఒక లోహపు ప్లేటు ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వాల్వ్ మీద 'హై', 'లో' అని రాసిన చిన్న నాబ్ ఉండొచ్చు. అది 'లో' వైపు తిరిగి ఉందా? నవ్వకండి, నేను వెళ్లిన చోట్ల ఇది ఒకటి రెండుసార్లు కాదు. ఆన్, పైలట్, ఆఫ్ అని రాసిన పెద్ద నాబ్ పూర్తిగా 'ఆన్' దగ్గర ఉందా, మధ్యలో ఇరుక్కుందా చూడండి. గ్యాస్ పైపు మీది పిడి పైపుకు సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఏటవాలుగా ఉంటే సగమే తెరిచినట్టు.

ప్లేటు మీద ఇంకో సంగతి వెతకండి: ఏ గ్యాస్ కోసం తయారైంది. 1998లో శివారు ఇళ్లంటే, అప్పటికి ఆ వీధికి గ్యాస్ లైన్ రాకపోయి, పెరట్లో ప్రొపేన్ ట్యాంక్ పెట్టుకుని ఉండొచ్చు. హైదరాబాద్‌లో సిలిండర్ నుంచి పైపు గ్యాస్‌కు మారేటప్పుడు వాళ్లు వచ్చి పొయ్యి నాజిల్స్ మార్చి వెళ్తారు కదా, ఇక్కడా అంతే. ఒక ఘనపు అడుగు ప్రొపేన్‌లో సుమారు 2,500 బీటీయూల వేడి ఉంటే నాచురల్ గ్యాస్‌లో సుమారు 1,000. అందుకే ప్రొపేన్ నాజిల్ రంధ్రం బాగా చిన్నది. లైన్ వచ్చినప్పుడు వంటపొయ్యి, ఫర్నేస్ మార్చి, ఎప్పుడో వాడే ఫైర్‌ప్లేస్‌ను వదిలేస్తే మీరు రాసినట్టే పొట్టి నీలం మంట వస్తుంది. మార్చి ఉంటే ప్లేటు పక్కన ఆ సంగతి చెప్పే స్టిక్కర్ ఉంటుంది.

మీ బావమరిది గారికి సగం మార్కులు వేస్తాను. రంధ్రాలు పూడాయన్నది నిజమే అయి ఉంటుంది. సూది మాత్రం మన అలవాటు, అదే చిక్కు. బర్నర్ రంధ్రాలకు మెత్తటి బ్రష్, వాక్యూమ్ క్లీనర్ చాలు. లోపలి ఇత్తడి నాజిల్ జోలికి ఉక్కు సూది అసలు పోకూడదు. దాని రంధ్రం వ్యాసం పదో వంతు పెరిగిందంటే గ్యాస్ ఐదో వంతు పైనే ఎక్కువ పోతుంది. మంట పెరిగిందని సంబరపడతాం, తర్వాత అద్దం మసిబారుతుంది.

రెండు మూడేళ్లు వాడకపోతే ఏం పూడుతుందంటారా? దుమ్ము, తుప్పు నుసి, కుక్క ఉంటే దాని వెంట్రుకలు. అన్నిటికన్నా తరచుగా సాలీడు. గ్యాస్ వాసనకు సాలీళ్లు వస్తాయని ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పటినుంచో చెప్పుకుంటారు, బయటివాళ్లు నమ్మరు. 2011లో మాజ్దా కంపెనీ అమెరికాలో వేల కార్లు వెనక్కి పిలిచింది, పెట్రోల్ ట్యాంక్ గాలి గొట్టంలో ఒక రకం పసుపు సాలీడు గూడు కడుతోందని. మీ బర్నర్‌లో గాలీ గ్యాసూ కలిసే గొట్టం మూతిలో చిన్న గూడున్నా చాలు, మంట సగమవుతుంది.

ఇంకో అనుమానితుడు బర్నర్ మీద పరిచే బూడిద రంగు దూది లాంటి పదార్థం. నిప్పుకణికల్లా మెరవాలని పెడతారు. కొందరు ఓనర్లు ఎంత ఎక్కువ పెడితే అంత అందమనుకుని గుప్పెళ్లతో కుక్కుతారు. అది పలచగా, విడదీసి, అక్కడక్కడా వేయాలి. ముద్దలా వేస్తే కింద రంధ్రాలన్నీ మూసుకుంటాయి. మీ కుడివైపు సంగతి ఇదేనేమోనని నా ఊహ.

శుభ్రం చేసే పని మీరే చేస్తారా, మనిషిని పిలుస్తారా అన్నది మీ ఇష్టం. పాత ఇల్లు, కొత్త ఓనరు, పైగా 'దబ్' మంటోంది కాబట్టి మొదటిసారి మాత్రం మనిషిని పిలవమంటాను. నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ గ్యాస్ పనికి సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఉన్నవాళ్లను వెతకండి. ఫోన్‌లోనే అడగండి: బర్నర్ విప్పి శుభ్రం చేస్తారా, మానోమీటర్ పెట్టి రెండు చోట్లా ఒత్తిడి చూసి రాసిస్తారా అని. నసిగితే ఇంకొకరికి ఫోన్ చేయండి. ఆయన పని చేస్తుంటే పక్కనే నిలబడి చూడండి, వచ్చే ఏడాది మీరే చేసుకోగలుగుతారు. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది, గ్యాస్ కట్టేసి అంతా చల్లారాకే అద్దం తీయాలి, లోపలి కట్టెలను కదిలించే ముందు ఫొటోలు తీయాలి. కట్టెలంటే నిజం కట్టెలు కావు, పింగాణీ పీచుతో చేసినవి, ముట్టుకుంటే పెచ్చులూడతాయి. మాస్క్ వేసుకోండి. ఒక్కో కట్టెకు ఒక్కో చోటుంది. కొత్తల్లో నేను ఒక ఇంట్లో బర్నర్ తళతళలాడేలా తుడిచి, కట్టెలు జ్ఞాపకం మీద పేర్చి వచ్చాను. రెండో రోజుకు వాళ్లు ఫోన్ చేశారు, అద్దం కాటుక పట్టినట్టుందని. ఒక కట్టె రెండంగుళాలు జరిగి మంటకు అడ్డం వచ్చింది. మసి వచ్చిందంటే గ్యాస్ సరిగ్గా మండడం లేదని, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోందని. వెంటనే ఆర్పేయాలి. అద్దం లేకుండా ఆ ఫైర్‌ప్లేస్‌ను ఎప్పుడూ వెలిగించకూడదు. దానికి కావలసిన గాలి గదిలోంచి కాదు, గోడ బయటి నుంచి ఒకదాంట్లో ఒకటి ఉండే జంట గొట్టంలోంచి వస్తుంది. అద్దం, దాని చుట్టూ ఉన్న పట్టీ సరిగ్గా బిగిస్తేనే ఆ లెక్క కుదురుతుంది.

ఆ గొట్టం బయటి మూత కూడా ఒకసారి చూసి రండి. నేలకు దగ్గరగా గోడలో ఉంటే మంచు కప్పేస్తుంది, కందిరీగలు గూడు పెడతాయి. అది మూసుకుపోతే లక్షణాలు వేరేలా ఉంటాయి. మొదట మంట బాగానే వచ్చి, కొన్ని నిమిషాలకు బర్నర్ మీంచి లేచి తేలుతూ, ఊగుతూ, ఆరిపోతుంది. మీరు అలా రాయలేదు కాబట్టి అది కాకపోవచ్చు.

మంట రంగు గురించి ఒక మాట. శుభ్రం చేశాక వెలిగించగానే నీలంగా కనబడితే టెన్షన్ పడకండి. పదిహేను ఇరవై నిమిషాలకు కట్టెలు కాగి మంట పసుపు తిరుగుతుంది. అప్పుడు చూసి అంచనా వేయాలి. గాలి కలిసే చోట చిన్న తలుపు లాంటిది ఉంటుంది. ఎక్కువ తెరిస్తే మంట పొట్టిగా, నీలంగా, బుసలు కొడుతూ వస్తుంది. ఎక్కువ మూస్తే పొడవుగా, బద్ధకంగా, మసితో వస్తుంది. ఆ సర్దుబాటు మాత్రం పనికి వచ్చిన టెక్నీషియన్‌కే వదిలేయండి.

అంతా అయ్యాక ఫైర్‌ప్లేస్ పూర్తి గ్యాస్ తాగుతోందో లేదో మీరే లెక్క కట్టొచ్చు. ఇంట్లో మిగతా గ్యాస్ వస్తువులన్నీ ఆపి, దీన్ని పెద్ద మంట మీద పెట్టి, మీటర్ మీద చిన్న ముల్లు చూడండి. ఆ ముల్లు ఒక చుట్టుకు ఎన్ని ఘనపు అడుగులో పక్కనే రాసి ఉంటుంది. ప్లేటు మీద 30,000 బీటీయూలు అని ఉంటే గంటకు సుమారు 30 ఘనపు అడుగులు, అంటే ఒక అడుగుకు రెండు నిమిషాలు. రెండడుగుల ముల్లు అయితే చుట్టుకు నాలుగు నిమిషాలు పట్టాలి. ఎనిమిది పట్టిందంటే సగం గ్యాసే వస్తోంది. తర్వాత గీజర్ మళ్లీ ఆన్ చేయడం మరచిపోకండి.

మంట సరిపోయాక కూడా వేడి చాలకపోవచ్చు. మంట వేరు, గదికి చేరే వేడి వేరు. ప్లేటు మీద ఏ ప్రమాణం ప్రకారం చేశారో నంబరు ఉంటుంది. జెడ్ 21.50 అని ఉంటే అది అలంకారానికి చేసినది, జెడ్ 21.88 అని ఉంటే గది వేడి చేయడానికి చేసినది. అలంకారానిదైతే నాన్నగారికి ముందే చెప్పేయండి, కుంపటిలా కాగదని. రెండో రకమైతే బ్లోయర్ ఉందో లేదో చూడండి. కింది తలుపు లోపల, వెనక వైపు ఉండే ఫ్యాన్ అది. ఆ కాలంలో చాలా ఇళ్లకు బిల్డర్లు ఫ్యాన్‌కు చోటు, ప్లగ్ పాయింట్ వదిలి ఫ్యాన్ పెట్టేవారు కాదు. ఉంటే ప్లగ్ ఊడి ఉండొచ్చు, దుమ్ముతో బిగుసుకుని ఉండొచ్చు. అది వెంటనే తిరగదు, పెట్టె సుమారు 110, 120 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు కాగితేనే తిరుగుతుంది, అందుకు పావుగంట పైనే పడుతుంది. కింద, పైన ఉన్న జాలీలకు సోఫానో, పీటనో అడ్డం పెట్టారేమో కూడా చూడండి. హాలు కప్పు రెండంతస్తుల ఎత్తయితే సీలింగ్ ఫ్యాన్ చలికాలం వైపు, అంటే గాలి పైకి తోసేలా, తిప్పి నెమ్మదిగా పెట్టండి, పైకెక్కిన వేడి కిందికి దిగుతుంది.

శాలువా సంగతి మరచిపోయాను. 2015 నుంచి తయారైన వాటికి అద్దం ముందు కాలకుండా జాలీ తెర తప్పనిసరి చేశారు. మీ 1998 నాటి దానికి అది ఉండదు. ఆ అద్దం చర్మం కాల్చేంత వేడెక్కుతుంది, ఆర్పిన తర్వాత కూడా చాలాసేపు చల్లారదు. విడిగా తెరలు అమ్ముతారు, ఒకటి కొని పెట్టండి. నాన్నగారి కుర్చీ మూడు నాలుగు అడుగులు వెనక్కి జరపండి. ఇంట్లో ఎప్పుడైనా కుళ్లిన గుడ్డు లాంటి వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, బయట నుంచే 911కు గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయాలి.

650 డాలర్లకు ఇప్పుడే ఒప్పుకోకండి. బర్నర్ శుభ్రం చేయించి, ఆ రెండు ఒత్తిడి అంకెలూ, ప్లేటు ఫొటో పంపండి. వాల్వ్ మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.